పళ్లపాచి పేరుకోకుండా చూసుకోవడం ఎలా: పాచి, గార, ఫ్లోరైడ్ మరకల తేడా తెలిపే సమగ్ర మార్గదర్శి

పంటి మీద ఏ మరక కనిపించినా దాన్ని పాచి అనే అనుకుని, ఎలాగైనా గీకి వదిలించుకోవాలని చూసేవారు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచు కనిపిస్తారు. నిజానికి ఇక్కడ మూడు వేర్వేరు విషయాలున్నాయి. పంటి మీద మెత్తగా, జిగటగా అంటుకునేది పాచి. ఆ పాచే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడితే గార. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైనప్పుడు పన్ను తయారయ్యే దశలోనే పింగాణీపొరలో (పంటి గట్టి పైపొర, ఎనామెల్) ఏర్పడే తెల్లని, పసుపు లేదా గోధుమరంగు మచ్చలు మూడోది. మొదటిదాన్ని ఇంట్లో మనమే తీసుకోగలం, రెండోదాన్ని దంతవైద్యుడే తీయాలి, మూడోది తోమితే పోయేది కాదు. ఈ తేడా తెలియక ఫ్లోరైడ్ మచ్చలను ఇటుకపొడితోనో బొగ్గుతోనో ఏళ్ల తరబడి రుద్దినవారి పళ్లు తెల్లబడవు. పైపొర అరిగిపోయి, చల్లని నీళ్లు తాకినా జివ్వుమంటాయి.

పాచి ఎలా పుడుతుంది

ఎంత శుభ్రంగా తోముకున్నా, కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు పంటి మీద కంటికి కనిపించని పలుచని పొరగా పరుచుకుంటాయి. ఆ పొర వల్ల హాని లేదు, పైగా అది పంటికి కొంత రక్షణ కూడా. అయితే నోట్లో సహజంగా ఉండే సూక్ష్మజీవులకు అదే నిలదొక్కుకునే చోటవుతుంది. కొన్ని గంటల్లో మొదటి రకాలు అతుక్కుంటాయి, వాటి మీద మరికొన్ని చేరతాయి. మనం తిన్న చక్కెరతో వాటిలో కొన్ని, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే రకం, బంకలాంటి పదార్థాన్ని తయారుచేసి గుంపు మొత్తాన్ని పంటికి అంటిపెడతాయి. డచ్చివాడైన లీవెన్‌హుక్ 1683లో తన పళ్ల సందుల్లోంచి తీసిన తెల్లటి పదార్థాన్ని తాను చేసిన సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదులుతున్న ప్రాణులను వర్ణించాడు. ఆయన చూసింది ఈ పాచినే.

నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాచి నీళ్లు కుమ్మరించినంత మాత్రాన పోదు, రుద్దితేనే పోతుంది. పళ్లపాచి కూడా అంతే. పుక్కిలించడం వల్ల ఆహారపు తునకలు కొట్టుకుపోతాయి గానీ పాచి కదలదు. అందుకే ఈ మార్గదర్శిలో పేస్టు కంటే, పొడి కంటే, మౌత్‌వాష్ కంటే బ్రష్ ఎక్కడ తాకుతుందన్న దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక రోజు వదిలేసిన పాచి ఇంకా మెత్తగానే ఉంటుంది. రెండు మూడు రోజులు కదిలించకపోతే కొందరిలో ఖనిజాలు చేరడం మొదలవుతుంది, సుమారు పది పన్నెండు రోజుల్లో అది బ్రష్‌కు లొంగని గారగా మారుతుంది. చిగుళ్ల సంగతి 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం ప్రచురించిన ప్రయోగంలో స్పష్టంగా తేలింది. ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది పళ్లు శుభ్రం చేసుకోవడం పూర్తిగా మానేయగా, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు ఎర్రబడి వాచాయి. తిరిగి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలుగా అయ్యాయి. చిగుళ్ల వాపుకు కారణం పాచేననీ, తొలిదశలో దాన్ని పూర్తిగా వెనక్కి మళ్లించవచ్చనీ ఈ ఒక్క ప్రయోగంతోనే అర్థమవుతుంది. అలాగే వదిలేస్తే మాత్రం వాపు లోతుకు దిగి, పంటిని పట్టి ఉంచే ఎముక తరుగుతుంది. అలా తరిగిన ఎముక తిరిగి పూర్వంలా రావడం కష్టం.

మొదటి మెట్టు: అద్దంలో చూసుకోవడం

పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, పెదవిని వేలితో పక్కకు లాగి, పన్ను చిగురును కలిసే అంచును చూడండి. పాచి దాదాపు పంటి రంగులోనే ఉంటుంది కాబట్టి కంటికి వెంటనే ఆనదు. శుభ్రమైన గోటితో గానీ అగ్గిపుల్ల మొద్దు చివరతో గానీ ఆ అంచు మీద మెల్లగా రాస్తే తెల్లటి మెత్తని పదార్థం వస్తుంది. నాలుకతో తడిమినప్పుడు గరుకుగా, బొచ్చులా అనిపించే చోట కూడా పాచే ఉంటుంది.

మరింత స్పష్టంగా తెలియాలంటే దంతవైద్యుల దగ్గరా, కొన్ని మందుల షాపుల్లోనూ దొరికే రంగు బిళ్లను నమిలి ఉమ్మేయాలి. పాచి ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, శుభ్రంగా ఉన్నచోట కడుక్కుపోతుంది. అది దొరకనివారు వంటల్లో వాడే ఎర్రరంగు రెండు చుక్కలను కొద్ది నీటిలో కలిపి నోట్లో తిప్పి ఉమ్మవచ్చు. తోముకున్న తర్వాత ఇలా చేసి చూస్తే ఏయే చోట్లను రోజూ వదిలేస్తున్నామో తెలిసిపోతుంది. చాలామందిలో ఎరుపు మిగిలే చోట్లు ఒకటే: కింది ముందుపళ్ల లోపలివైపు, చివరి దవడపళ్ల వెనకభాగం, పళ్ల సందులు, కుడిచేత్తో తోముకునేవారికి కుడివైపు కోరపళ్ల దగ్గర వంపు.

గారను గుర్తించడం ఇంకా తేలిక. పసుపుగానో గోధుమగానో ఉండి, గోటితో గీకినా కదలదు, ముట్టుకుంటే రాయిలా తగులుతుంది. కింది ముందుపళ్ల లోపలివైపున, పై దవడపళ్ల బుగ్గవైపున ఇది ఎక్కువ పేరుకుంటుంది. లాలాజల నాళాలు తెరుచుకునేది అక్కడే కావడం దీనికి కారణం. ఫ్లోరైడ్ మచ్చ గరుకుగా ఎత్తుగా ఉండదు, పంటి లోపలి నుంచే రంగు వచ్చినట్టు ఉంటుంది, కుడివైపు పంటికి ఉంటే ఎడమవైపు జత పంటికీ ఉంటుంది. అయితే ముదిరిన దశలో పంటి మీద చిన్న గుంటలు కూడా పడవచ్చు. ఈ మచ్చలు పోవాలనుకునేవారికి దంతవైద్యుల దగ్గర వేరే పద్ధతులున్నాయి. పళ్లపొడితో అయ్యే పని కాదు.

రెండో మెట్టు: బ్రష్

తల చిన్నదిగా, కుచ్చు మెత్తగా ఉన్న బ్రష్ చాలు. ప్యాకెట్ మీద 'సాఫ్ట్' అని ఉంటే తీసుకోండి, 'హార్డ్' వద్దు. గట్టి కుచ్చు పాచిని ఎక్కువ తీయదు, చిగురును కిందికి నెట్టి వేరుభాగాన్ని బయటపెడుతుంది. సుమారు మూడు నెలలకు, లేదా కుచ్చు పక్కలకు విరిసినప్పుడు మార్చాలి. నెలలోపే విరిసిపోతుంటే బ్రష్ నాసిరకమని అనుకోకముందు మీ చేయి ఎంత బలంగా నొక్కుతోందో చూసుకోండి. ఇంట్లో అందరి బ్రష్‌లూ ఒకే గ్లాసులో తలలు ఆనించి పెట్టడం, తడి బ్రష్‌కు మూత బిగించడం మంచి అలవాట్లు కావు.

మూడో మెట్టు: తోమే పద్ధతి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు కాబట్టి నెమ్మదిగా చదవండి.

బ్రష్‌ను పంటి మధ్యభాగం మీద కాకుండా, పన్ను చిగురును కలిసే గీత మీద పెట్టాలి. కుచ్చు నేరుగా కాక, సుమారు 45 డిగ్రీల వాలుతో చిగురు వైపు తిరిగి ఉండాలి. పై పళ్లకు పైకి, కింది పళ్లకు కిందికి అన్నమాట. పాచి చేసే నష్టం ఎక్కువగా ఈ గీత కిందనే మొదలవుతుంది; పంటి మధ్యభాగాన్ని నాలుక, పెదవులు, నమిలే ఆహారం కొంతవరకు తామే శుభ్రం చేస్తాయి. అలా పెట్టి, రెండు మూడు పళ్లను ఒకసారిగా తీసుకుని, చేతిని ఎక్కువ కదిలించకుండా కొద్దిపాటి ముందువెనకల కదలికలు పది దాకా చేసి, ఆ తర్వాత కుచ్చును చిగురు నుంచి పంటి కొన వైపు ఊడ్చినట్టు తిప్పాలి. అప్పుడు పక్క రెండు మూడు పళ్లకు జరగాలి.

నోరంతా కలయదిరగకుండా ఒక క్రమం పెట్టుకోవడం మేలు. పై వరుస బుగ్గవైపు కుడినుంచి ఎడమకు, తర్వాత అదే వరుస లోపలివైపు ఎడమనుంచి కుడికి, కింది వరుసకూ అదే తీరు, చివరగా నమిలే భాగాలు. ముందుపళ్ల లోపలివైపు బ్రష్ అడ్డంగా పట్టదు కాబట్టి నిలువుగా పట్టి, కొనకుచ్చుతో పైకీ కిందికీ లాగాలి. ఈ ఒక్క చోటును వదిలేయడం వల్లే అందరికంటే ముందు అక్కడ గార కడుతుంది. ఇదంతా సరిగ్గా చేస్తే రెండు నిమిషాలకు తక్కువ పట్టదు.

బ్రష్‌ను గుప్పిటలో కాక, కలం పట్టినట్టు వేళ్లతో పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. మొదట్లో చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం వస్తే భయపడి ఆ చోటును వదిలేయకూడదు. రక్తం వచ్చేది అక్కడ పాచి నిలిచి చిగురు వాచి ఉండటం వల్ల. మెత్తని బ్రష్‌తో వారం పది రోజులు శ్రద్ధగా తోమితే ఆగిపోతుంది. రెండు వారాలైనా ఆగకపోతే వైద్యునికి చూపించాలి.

ఎప్పుడు తోమాలన్నది మరో ప్రశ్న. మన ఇళ్లలో తెల్లవారగానే ముఖం కడుక్కుని పళ్లు తోముకోనిదే కాఫీ కూడా తాగరు; రాత్రి మాత్రం పెరుగన్నం తిని చేయి కడుక్కుని పడుకుంటారు. రోజుకు ఒక్కసారే కుదురుతుందని ఎవరైనా అంటే, ఆ ఒక్కసారి రాత్రి పడుకోబోయే ముందు చేయమని చెబుతాను. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, దానివల్ల నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరిచే శక్తి ఉండదు. ఉదయం తోమడం మానమని దీని అర్థం కాదు. రెండూ ఉండాలి, రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: పళ్ల సందులు, నాలుక

పళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోటికి ఏ బ్రష్ కుచ్చూ వెళ్లదు. అక్కడికి ఫ్లాస్ దారం కావాలి. జానెడున్నర దారం తీసుకుని రెండు చేతుల మధ్యవేళ్లకు చుట్టి, బొటనవేలు, చూపుడువేలితో బిగపట్టి, రంపంలా మెల్లగా ఆడిస్తూ సందులోకి దించాలి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. దిగాక దారాన్ని ఒక పంటికి వంచి పైకి కిందికి నాలుగైదుసార్లు తుడిచి, ఆ తర్వాత పక్కపంటికి వంచి అలాగే చేయాలి. సందులు ఇప్పటికే వెడల్పైనవారికి, పెద్ద వయసువారికి దారం కంటే సన్నని సందుల బ్రష్ తేలిక. రోజుకు ఒకసారి, రాత్రి తోమకముందు చేస్తే సరిపోతుంది.

భోజనం కాగానే చీపురుపుల్లతోనో పిన్నీసుతోనో సందుల్లో కుట్టడం మాత్రం మానాలి. దానివల్ల పాచి పోదు, చిగురుకు గాయమవుతుంది. ఒకే సందులో ప్రతి పూటా మాంసం పీచు ఇరుక్కుంటుంటే అక్కడ పిప్పి గానీ, సరిగ్గా కుదరని సిమెంటు గానీ, పక్కకు జరిగిన పన్ను గానీ ఉందని అర్థం.

నాలుకను నాలుకబద్దతో మెల్లగా వెనకనుంచి ముందుకు రెండు మూడుసార్లు గీస్తే చాలు. నోటి దుర్వాసనలో నాలుక వెనకభాగపు పాచి పాత్ర పెద్దదే.

ఐదో మెట్టు: పేస్టు, మన నీళ్లలోని ఫ్లోరైడ్

పేస్టు పాచిని తీయదు. పాచిలోని సూక్ష్మజీవులు వదిలే ఆమ్లాన్ని పన్ను తట్టుకునేలా చేస్తుంది. ఆ పని చేసేది అందులోని ఫ్లోరైడ్. మన దేశంలో అమ్మే పేస్టులో అది 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) మించకూడదని నిబంధన ఉంది, ఆ అంకె ట్యూబు మీద ఉంటుంది. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్ పొడవునా పేస్టు పరచనక్కర్లేదు, పెద్దలకు శనగగింజంత చాలు. తోమాక నురుగు ఉమ్మేసి, నీళ్లతో పదే పదే పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు నిలుస్తుంది.

ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును గుర్తించి 1937లో ప్రచురించిన తొలి పరిశీలన అప్పటి నెల్లూరు జిల్లాదే. ఆ ప్రాంతం 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సమస్య నేటికీ తెలిసిందే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిని కాచితే అది పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

ఇలాంటి ఊళ్లలో ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చా అని అడిగితే, జవాబు వయసును బట్టి ఉంటుంది. పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు ఏర్పడేది పళ్లు చిగురు లోపల తయారవుతున్నప్పుడు, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపే. పెద్దవారు పేస్టు వాడి ఉమ్మేస్తే కొత్తగా మచ్చలు రావు. ఆరేళ్లలోపు పిల్లలు పేస్టును మింగుతారు కాబట్టి, బోరునీళ్లే తాగే ఇంట్లో వారికి ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ని అడిగి నిర్ణయించాలి. ఇంట్లో తాగేది, వండేది ఆర్‌ఓ నీళ్లతోనే అయితే లెక్క మారుతుంది. ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, కాబట్టి పిల్లల పళ్లకు దొరికే కాస్త రక్షణా పేస్టు నుంచే రావాలి. 'మనది ఫ్లోరైడ్ ఊరు' అని పేస్టునే మానిపించడం అప్పుడు పొరపాటు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీగింజంత, ఉమ్మించే బాధ్యత పెద్దలది.

వేపపుల్ల, పళ్లపొడి, ఉప్పు, నిమ్మచెక్క

వేపపుల్లను తక్కువ చేసి మాట్లాడను. కొనను బాగా నమిలి మెత్తని కుచ్చు చేసుకుని, ఓపికగా చిగురు గీత వెంట తిప్పేవారికి బయటివైపు పాచి బాగానే పోతుంది. పుల్లకు అందనివి లోపలివైపులు, చివరి దవడపళ్లు. పుల్లను ఇష్టపడేవారు ఉదయం దాన్ని వాడుకుని, రాత్రి బ్రష్ పట్టుకుంటే రెండూ దక్కుతాయి.

కచిక (కాల్చిన పిడకల పొడి), బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు వేరే సంగతి. ఇవి పాచితోపాటు పంటినీ అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్లపొడులు అంతకంటే చెడ్డవి. పొదలకూరు వైపు నిమ్మకు కొదవ లేదు గనక కాబోలు, వంటసోడా మీద నిమ్మరసం పిండి పళ్లకు రాసే చిట్కాను కొందరు ఎంతో నమ్మకంగా చెబుతారు. నిమ్మలోని ఆమ్లం పింగాణీపొరను నేరుగా కరిగిస్తుంది, కాబట్టి ఆ పని చేయవద్దు. నూనె పుక్కిలించేవారు పుక్కిలించవచ్చు, అది బ్రష్‌కు బదులు కాదు. వైద్యులు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ సూక్ష్మజీవులను నిజంగానే తగ్గిస్తుంది, కానీ వారాల తరబడి వాడితే పళ్లకు గోధుమ మరకలు పడతాయి గనక చెప్పినన్ని రోజులే వాడాలి.

ఆరో మెట్టు: ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది

తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లో పాచి ఆమ్లాన్ని వదులుతుంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ సుమారు 5.5 కంటే పడిపోయినప్పుడు పంటిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మామూలుకు తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. దీన్నిబట్టి, భోజనంతోపాటు ఒకేసారి రెండు మలైకాజాలు తిన్నవారి కంటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటకోసారి చక్కెర టీ తాగుతూ బిస్కట్ ముంచుకునేవారి పళ్లే ఎక్కువసేపు ఆమ్లంలో నానుతాయి. బెల్లం మంచిదన్న మాట పళ్ల విషయంలో చెల్లదు, అందులోనూ ఉన్నది ప్రధానంగా చక్కెరే. చిప్స్, బిస్కట్లు తీపి కాకపోయినా దవడపళ్ల గుంటల్లో అతుక్కుని చాలాసేపు ఉంటాయి. పుల్లటి చేపల పులుసు తిన్నాక గానీ, నిమ్మసోడా తాగాక గానీ వెంటనే తోమకండి. పంటి పైపొర కొద్దిగా మెత్తబడి ఉంటుంది కాబట్టి నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి.

పొగాకు వాడేవారికి ఒక హెచ్చరిక

ఒంగోలు, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు పంట కూడా, అలవాటు కూడా. చుట్ట, సిగరెట్ తాగేవారిలో చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గుతుంది. అందువల్ల లోపల ఎముక కరిగిపోతున్నా చిగురు నుంచి రక్తం రాదు, వాపూ పెద్దగా కనిపించదు. 'నాకెప్పుడూ రక్తం రాలేదు, నా చిగుళ్లు గట్టివి' అనే ధైర్యం వీరి విషయంలో పనికిరాదు. రక్తం రాకపోయినా ఏడాదికి ఒకసారైనా పంటికీ చిగురుకూ మధ్య సందు లోతును దంతవైద్యుని దగ్గర కొలిపించుకోవాలి. వక్క, గుట్కా నమిలేవారు నోరు తెరవడం కష్టమవుతోందా అన్నది కూడా గమనించాలి. నోట్లో ఏ పుండైనా, తెల్లమచ్చైనా రెండు వారాల్లో తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారు

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలు సొంతంగా సరిగ్గా తోముకోలేరు, వారు తోమాక పెద్దలు మరోసారి తోమాలి. ఆరేళ్ల ప్రాంతంలో పాలపళ్ల వెనక మరో దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది గనక దాన్ని పాలపన్నే అనుకుని చాలా ఇళ్లలో పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. నిద్రపోయే బిడ్డ నోట్లో చక్కెర కలిపిన పాలసీసా ఉంచకూడదు.

గర్భిణులకు హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు బాగా వాస్తాయి. తోమడం మానకూడదు, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య గార తీయించుకోవడానికి అనువైన కాలం. మధుమేహానికీ చిగుళ్ల జబ్బుకూ రెండువైపులా సంబంధం ఉంది. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లలో వాపు ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వంటి మాత్రలు వాడే కొందరిలో చిగుళ్లు పంటి మీదికి పెరుగుతాయి. మాత్రను సొంతంగా ఆపకుండా వైద్యునికి చెప్పాలి.

చివరి మెట్టు: గార తీయించడం

గారను సూదితోనో బ్లేడుతోనో ఇంట్లో గీకవద్దు. దంతవైద్యులు సన్నని కొన వేగంగా కంపించే పరికరంతో, నీళ్లు చల్లుతూ దాన్ని పగలగొడతారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని, సందులు పడతాయని ఊళ్లలో గట్టి నమ్మకం ఉంది. గార కింద ఎముక అప్పటికే తగ్గి ఉంటే, ఆ సందును అంతదాకా కప్పి ఉంచింది గారే. అది పోగానే సందు బయటపడుతుంది. పన్ను కదలడానికి కారణం కూడా కరిగిన ఎముకే. కొద్దిరోజులు చల్లటివి తాకితే జివ్వుమనవచ్చు, అది తగ్గిపోతుంది. గార చిగురు లోపలికి దిగి ఉంటే వేరును కూడా శుభ్రం చేయాల్సి వస్తుంది, దానికి ఒకటికి మించి సార్లు వెళ్లాలి.

గుండెజబ్బుకు రక్తం పలచబడే మందులు వాడుతున్నా, కృత్రిమ కవాటం ఉన్నా కుర్చీలో కూర్చోకముందే ఆ మాట చెప్పండి, మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. ఖర్చు గురించి వెనకాడేవారు పెద్ద ప్రభుత్వాసుపత్రుల దంత విభాగాన్ని గానీ, నెల్లూరులో ఉన్నట్టి దంతవైద్య కళాశాల ఆసుపత్రిని గానీ అడిగి చూడవచ్చు. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు, కాస్త సమయం ఎక్కువ పడుతుంది. తర్వాత ఎన్ని నెలలకు రావాలన్నది గార కట్టే వేగాన్ని బట్టి వైద్యుడు చెబుతాడు. కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాది, చిగుళ్ల జబ్బు ఉన్నవారికి మూడు నాలుగు నెలలు. క్లీనింగ్ అయిన మర్నాడు రంగు బిళ్లతో మళ్లీ ఒకసారి చూసుకుంటే, మీ బ్రష్ వదిలేస్తున్న చోట్లు గార అడ్డు లేకుండా కనిపిస్తాయి.